ఒకే బాట మీద డెక్క, చక్రం

1976 అక్టోబరు 21న ఉత్తర కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫ్యాక్స్ అనే చిన్న ఊరి పక్క కొండ మీదికి కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్లు చేర్చారు. అవి 1930లు, 40ల నాటి బండ్లు. లావు టైర్లు, ఒకే గేరు, పెడలు వెనక్కి తొక్కితే వెనక చక్రాన్ని పట్టే బ్రేకు. అడవికి నిప్పంటుకుంటే వాహనాలు వెళ్లడానికి వేసిన మట్టిదారిలో మూడు కిలోమీటర్లకు పైగా పోతూ 400 మీటర్ల ఎత్తు దిగాలి. ఎవరు తక్కువ సమయంలో కిందికి చేరితే వాళ్లది గెలుపు. అడుగుకు వచ్చేసరికి బ్రేకులోని గ్రీజు కాలి పొగలు కక్కేది. విప్పి మళ్లీ గ్రీజు కూరితే గానీ బండి పనికొచ్చేది కాదు. అందుకే ఆ దారిని ఇప్పటికీ రీప్యాక్ (మళ్లీ కూరడం) అనే పిలుస్తారు.

మౌంటెన్ బైక్ ఆ పోటీల్లోంచే రూపు దిద్దుకుంది. పోటీల్లో పాల్గొన్న జో బ్రీజ్ 1977లో కొండదారుల కోసమే ప్రత్యేకంగా ఒక సైకిలు తయారు చేశారు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి ‘మౌంటెన్‌బైక్స్’ పేరుతో వ్యాపారం మొదలుపెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అనే మోడల్‌ను ఫ్యాక్టరీలో చేయించి అమ్మకానికి పెట్టడంతో, పదిమంది స్నేహితుల సరదా కాస్తా పదేళ్లు తిరక్కముందే లక్షలమంది ఆట అయింది.

అయితే ఆ కొండలు వీళ్లకోసం ఖాళీగా పడి లేవు. మారిన్ కౌంటీలో టమల్పాయస్ శిఖరం చుట్టూ అప్పటికే గుర్రపుశాలలు ఉన్నాయి, ఆదివారం వస్తే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి నడకకు వచ్చే జనం ఉన్నారు. అడవిలో పెద్ద భాగం మారిన్ నీటి సరఫరా సంస్థది. వానలకు కొండ మీద పడ్డ నీటిని జలాశయాల్లో పట్టి ఊళ్లకు ఇవ్వడం దాని పని. బాట కోసుకుపోతే ఆ మట్టి చేరేది తాగునీటిలోకే. అందుకే ఆ సంస్థ సైకిళ్లను వెడల్పు దారులకే పరిమితం చేసి, ఒక మనిషి పట్టేంత సన్నని బాటల్లోకి రాకుండా ఆపింది. వెడల్పు దారుల్లోనూ గంటకు 24 కిలోమీటర్లు మించకూడదు. ఎదుటివాళ్లు కనిపించని మలుపుల్లో 8 కిలోమీటర్లే. అడవిలో రాడార్ తుపాకీ పట్టుకుని సైకిలు వేగం కొలిచే రేంజర్లు ఉన్న చోటు లోకంలో బహుశా ఇదొక్కటేనేమో అనిపిస్తుంది.

గొడవ త్వరగానే ముదిరింది. 1988లో కాలిఫోర్నియాలోని ఐదు సైకిలు క్లబ్బులు కలిసి అంతర్జాతీయ మౌంటెన్ బైసికిలింగ్ సంఘాన్ని (ఇంబా) స్థాపించాయి. పక్కనే ఉన్న గోల్డెన్ గేట్ జాతీయ వినోద ప్రాంతంలో బాటలు మూసేశారని మారిన్ సైకిలువాళ్లు కేంద్ర ప్రభుత్వం మీద దావా వేశారు. 1996లో అప్పీలు కోర్టు పార్కు పక్షానే తీర్పిచ్చింది. ఈలోగా కొందరు ఎవరికీ చెప్పకుండా అడవిలో దొంగచాటుగా సొంత బాట తవ్వుకున్నారు. అది 1994లో బయటపడి, వాళ్ల మీద మిగతావాళ్లకున్న కాస్త సానుభూతినీ తుడిచిపెట్టేసింది.

సైకిలువాళ్ల ఆక్రోశం వెనక దేశమంతటికీ చెందిన ఒక చట్టం కూడా ఉంది. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం, కాపాడిన అడవుల్లో యాంత్రిక రవాణాను నిషేధించింది. సైకిలు కూడా అందులోకే వస్తుందని 1984లో అటవీ శాఖ తన నిబంధనల్లో తేల్చి రాసింది. ఆ అడవుల విస్తీర్ణం ఇవాళ నాలుగున్నర కోట్ల హెక్టార్లు. అక్కడ గుర్రానికి ప్రవేశం ఉంది, సైకిలుకు లేదు. అర టన్ను బరువున్న జంతువును రానిచ్చి పన్నెండు, పదమూడు కిలోల బండిని గేటు దగ్గరే ఆపడం ఏం న్యాయమని వాళ్లు అడుగుతారు. చక్రాలు దూసుకొస్తే గుర్రం బెదిరి రౌతును పడేస్తే ఎవరిది బాధ్యతని రౌతులు అడుగుతారు. ఒకరిది మట్టి గురించిన ప్రశ్న, మరొకరిది ప్రాణభయం. రెండూ వేర్వేరు ప్రశ్నలన్న సంగతి ఇరుపక్షాలూ చాలాకాలం గమనించలేదు. మొదటి ప్రశ్నకు మృత్తికా శాస్త్రంలో జవాబు వెతకాలి. రెండోదానికి గుర్రం కంటినీ చెవినీ అడగాలి.

ముందు మట్టి సంగతి.

మోంటానా రాష్ట్రంలోని గలాటిన్ జాతీయ అరణ్యంలోనూ దాని చుట్టుపక్కలా జాన్ విల్సన్, జోసెఫ్ సేనీ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం ఈ విషయంలో ఇప్పటికీ అందరూ ఉదహరించేది. ఫలితాలు 1994లో వెలువడ్డాయి. వాడుకలో ఉన్న బాటల మీద 108 చోట్ల చిన్న చిన్న గళ్లు గీసి, కొన్నిటి మీద మనుషుల్ని, కొన్నిటి మీద గుర్రాల్ని, మోటారు సైకిళ్లని, మౌంటెన్ బైకుల్ని వందేసి సార్లు నడిపించారు. తర్వాత కృత్రిమ వాన కురిపించి, కొట్టుకొచ్చిన మట్టిని తూచారు. తడి నేల మీద డెక్కలూ పాదాలూ చక్రాలకంటే ఎక్కువ మట్టిని వదులు చేశాయి. పొడి నేల మీద కూడా ఎక్కువ మట్టిని లేపింది గుర్రాలే. అదే దశకంలో మోంటానాలోనే మరో బృందం గుర్రాల్నీ లామాల్నీ మనుషుల్నీ పోల్చినప్పుడు కూడా గుర్రమే ముందు నిలిచింది. లామాకూ మనిషికీ పెద్ద తేడా కనబడలేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. గుర్రం, జీను, రౌతు కలిపి అయిదారు వందల కిలోల బరువు నాలుగు చిన్న డెక్కల మీద ఆనుతుంది. డెక్క అంచు ఇనుప నాడాతో నేలలో దిగి, పైకి లేచేటప్పుడు మట్టిని పెళ్లగిస్తుంది. తడి నేలలో ఆ గుంటలు నీళ్లు పట్టి బురద మడుగులవుతాయి. మడుగు తప్పించుకోవాలని తర్వాత వచ్చేవాళ్లు పక్కనుంచి నడుస్తారు. బాట అలా వెడల్పవుతూ పోతుంది. చక్రం చేసే చెరుపు వేరే రకం. అది తడి మట్టిలో పొడవాటి చాలు గీస్తుంది. వాలులో పడ్డ చాలు అంటే నీటికి సిద్ధంగా తవ్విపెట్టిన కాలువే. బ్రేకు బిగించి వెనక చక్రాన్ని జార్చుకుంటూ దిగేవాడు ఆ కాలువను ఇంకా లోతు చేస్తాడు.

ఈ ఫలితాలు చూపించి ‘మేం నిర్దోషులం’ అన్న సైకిలువాళ్లూ ఉన్నారు. అక్కడ కాస్త తొందరపడ్డారనే చెప్పాలి. ప్రయోగంలో అందరూ నడిచింది ఒకే కొలత గడుల మీద. నిజం అడవిలో సైకిలు ఒక్కపూటలో పోయే దూరం నడిచేవాడు పోయేదానికి కొన్ని రెట్లు ఉంటుంది. అందువల్ల అడుగుకు ఇంత అని లెక్క వేస్తే వచ్చే జవాబు ఒకటి, మనిషికి ఇంత అని వేస్తే వచ్చేది మరొకటి. కెనడాలో ఒంటారియోలోని ఒక అడవిలో నడకనూ సైకిలునూ పోల్చి, 500 సార్లు తిరిగాక కూడా మొక్కలకు జరిగిన నష్టంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2001లో తేల్చారు. కానీ అది అంతవరకు ఎవరూ నడవని నేల మీద చేసిన పరీక్ష. ఎత్తుపల్లాల పాత బాటకు ఆ మాట నేరుగా అతకదు.

అసలు దోషి ఎవరంటే, ఆ ఇద్దరూ కాదు, నీరు. టెనెసీ, కెంటకీ సరిహద్దుల్లోని బిగ్ సౌత్ ఫోర్క్ ప్రాంతంలో బాటలన్నీ కొలిచిన జెఫ్ మేరియన్, నథానియేల్ ఆలివ్ 2006 నివేదికలో వాడకం రకంతోపాటు బాట వేసిన తీరును కూడా పట్టి చూపించారు. గుర్రాల బాటలూ నాలుగు చక్రాల మోటారు బండ్ల బాటలూ ఎక్కువగా చెడ్డాయి. అయితే కొండ వాలుకు బాట ఏ కోణంలో పోతోంది అన్నదాని ప్రభావం కూడా గట్టిగా కనబడింది. వాన నీరు కొండ మీంచి దిగే దారి ఒకటి ఉంటుంది, అతి నిటారైన దారి. బాట కూడా అదే దారిన తిన్నగా దిగితే నీరు బాటలోకి చేరి మళ్లీ బయటికి పోదు. దిగేకొద్దీ వేగం పెరుగుతుంది. నీటి వేగం రెట్టింపైతే అది దొర్లించగల రాయి బరువు 64 రెట్లు పెరుగుతుందని పందొమ్మిదో శతాబ్దంలోనే లెక్క కట్టారు. అలాంటి బాట మీద గుర్రం నడిచినా నడవకపోయినా నాలుగు వర్షాకాలాల్లో అది వాగు అవుతుంది.

అందుకే బాటలు వేసేవాళ్లు ఇవాళ కొండను అడ్డంగా చుట్టి వెళ్తారు, మన ఘాట్ రోడ్డు పోయినట్టు. సగం సూత్రం అని వాళ్లకొకటి ఉంది. బాట వాలు, కొండ వాలులో సగం మించకూడదు. నూరు మీటర్లకు ఇరవై మీటర్లు దిగే కొండచరియ మీద బాట పది మీటర్లకంటే ఎక్కువ దిగకూడదన్నమాట. ఏ కొండ మీదైనా సగటున పది శాతానికి లోపు ఉంచమంటారు. బాట ఉపరితలాన్ని కూడా సమంగా ఉంచరు. లోయ వైపు అయిదు శాతం వాల్చుతారు. నీరు బాట పొడుగునా పారకుండా అడ్డంగా జారిపోవాలని. అదీ చాలదు. దిగుతున్న బాటను అక్కడక్కడా కాస్త పైకి లేపి మళ్లీ దింపుతారు. ఆ పల్లంలో నీరు ఆగి పక్కకు తప్పుకుంటుంది. సైకిలు మీద వచ్చేవాడికి ఆ ఎగుడుదిగుళ్లు సరదా, గుర్రానికి శ్రమ లేదు, నీటికి మాత్రం అది గేటు. ఇంబా 2004లో ప్రచురించిన బాటల నిర్మాణ గ్రంథం ఈ పద్ధతులకు బాగా ప్రచారం తెచ్చింది.

ఇక గుర్రం మనసు.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. లక్షల ఏళ్లుగా దాన్ని బతికించింది పరుగే. ముందు పరుగెత్తి, తర్వాత ఆలోచిస్తుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల దాదాపు 350 డిగ్రీల మేర దానికి చూపు ఆనుతుంది. కనబడనివి నుదుటికి సూటిగా ఎదురుగా కొంత చోటు, తోక వెనక కొంత చోటు. మనకున్నంత స్పష్టత దాని చూపుకు లేదు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియదు. కదలికను మాత్రం ఇట్టే పసిగడుతుంది. చెవులు ఒక్కొక్కటీ విడివిడిగా తిప్పగలదు. మన చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే దానికి 33 వేల దాకా వినిపిస్తుంది.

ఇలాంటి జంతువుకు మెత్తని మట్టి మీద సైకిలు ఎలా ఎదురవుతుందో చూడండి. అడుగుల చప్పుడు లేదు. మనిషి నిలువు ఆకారం లేదు, హ్యాండిల్ మీదికి వంగి ఉన్న ఏదో రూపం. నడిచే మనిషికి మూడు నాలుగు రెట్ల వేగం. పైనుంచి, వెనకనుంచి వస్తోంది. ప్యూమాలు (కొండ సింహాలు) తిరిగే కాలిఫోర్నియా కొండల్లో గుర్రం దాన్ని ఏమనుకోవాలి? రౌతు ఎంత అనుభవజ్ఞుడైనా, గుర్రం పక్కకు ఎగిరే ఆ అరక్షణంలో కళ్లెం చేతిలో ఉండి ప్రయోజనం తక్కువ.

ఇక్కడ ఒక చిన్న లెక్క పనికొస్తుంది. గంటకు 24 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 6.7 మీటర్లు. ఎదుట గుర్రం ఉందని గ్రహించి బ్రేకు మీద వేలు వేసేలోపు సెకనున్నర పోతుంది, అంటే పది మీటర్లు. వదులు మట్టిలో ఆగడానికి ఇంకో అయిదారు మీటర్లు కావాలి. మొత్తం పదహారు. గంటకు 8 కిలోమీటర్లయితే నాలుగు మీటర్లలో ఆగిపోతుంది. మారిన్ అడవిలో మలుపుల దగ్గర పెట్టిన ఆ రెండో హద్దు మరీ చాదస్తంగా కనిపిస్తుంది కానీ, మలుపు అవతల కనిపించేది అయిదారు మీటర్లే అయిన చోట అంతకుమించి దారి లేదు. ఈ మధ్య బాటలు వేసేవాళ్లు బోర్డులకంటే బాటనే నమ్ముకుంటున్నారు. మలుపు ముందు బాటను పైకి ఎక్కిస్తే, లేదా రెండు బండల మధ్య ఇరుకుగా నడిపిస్తే సైకిలు దానంతటదే నెమ్మదిస్తుంది. మలుపు లోపలి పొదలు నరికితే చూపు దూరం పెరుగుతుంది. ఒక చోట వేగం పెరగనిచ్చి, ఆ వెంటనే గుడ్డి మలుపు పెట్టిన బాటను చూస్తే దాన్ని వేసినవాడెవరో ఎప్పుడూ గుర్రమెక్కలేదని తెలిసిపోతుంది.

అమెరికా అడవుల గేట్ల దగ్గర కనిపించే పసుపు త్రికోణం గుర్తు దారి ఎవరు ఇవ్వాలో చెబుతుంది. సైకిలువాళ్లు అందరికీ ఇవ్వాలి, నడిచేవాళ్లు గుర్రాలకు ఇవ్వాలి. అయితే పక్కకు తప్పుకోవడం ఒక్కటే చాలదు. సైకిలు దిగి చెట్టు చాటున కదలకుండా నిలబడినవాడు గుర్రం దృష్టిలో పొంచి ఉన్నవాడు. అందుకే రౌతులు కోరేది ఒక్కటే, నోరు తెరిచి మాట్లాడమని. మనిషి గొంతు వినపడగానే ఆ వింత ఆకారం గుర్రానికి మనిషి అయిపోతుంది. వీలుంటే బాటకు కింది వైపున నిలబడమంటారు, గుర్రం ముప్పును పై నుంచి ఎదురుచూస్తుంది కనుక. మారిన్‌లో రౌతులూ సైకిలువాళ్లూ కలిసి నడిపే ‘స్లో అండ్ సే హలో’ ప్రచారం సారమంతా ఇదే. దక్షిణాన శాంటా బార్బరా కొండల్లో బాట మొదట్లో గంటలు పెట్టిన పెట్టెలుంటాయి. ఒకటి తీసి హ్యాండిల్‌కు తగిలించుకోవడం, తిరిగొచ్చి పెట్టెలో వేయడం. మృదువుగా మోగే ఆ చప్పుడు గుర్రం చెవికి చాలా ముందే అందుతుంది.

గుర్రాలకు శిక్షణ కూడా ఇస్తారు. ముందు సైకిలు వెనక గుర్రాన్ని నడిపిస్తారు. తన ముందు తప్పుకుపోతున్న వస్తువు తనను వేటాడేది కాదని అది నేర్చుకుంటుంది. ఆ తర్వాతే సైకిలును ఎదురుగా, పక్కగా, చివరికి వెనకనుంచి రానిస్తారు.

మనిషి ఎవరు, వాహనమేది అన్న తేడా అడవి జంతువులకూ ఉంది. ఒరెగాన్ రాష్ట్రంలోని స్టార్కీ ప్రయోగ అరణ్యంలో ఎల్క్ దుప్పుల కదలికలను ఎలక్ట్రానిక్ పట్టీలతో కనిపెట్టి చూస్తే, మోటారు బండికి అవి అన్నిటికంటే ఎక్కువగా కలవరపడి కదిలాయి, తర్వాత సైకిలుకు, ఆపైన నడిచేవారికి. గుర్రపు రౌతుకు అందరికంటే తక్కువ. 2009లో వచ్చిన ఈ ఫలితం రౌతులకు తీపి కబురు. యూటాలోని యాంటిలోప్ దీవిలో మాత్రం బైసన్లూ జింకలూ నడకకూ సైకిలుకూ తేడా చూపలేదు, ఇద్దరికీ ఒకేలా పరుగెత్తాయి.

రౌతులూ సైకిలువాళ్లూ ఒకే చోట సర్దుకోలేకపోతే రోజులు పంచుకోవడం ఇంకో దారి. టాహో సరస్సు చుట్టూ ఉన్న బాటలో టాహో మెడోస్ నుంచి టన్నెల్ క్రీక్ దాకా సైకిళ్లకు సరి తేదీల్లోనే అనుమతి. కొలరాడోలో బౌల్డర్ దగ్గరి బెటాసో అడవిలో బుధ, శనివారాల్లో సైకిలు కనబడదు. అదే రాష్ట్రంలోని సెంటెనియల్ కోన్ పార్కులో వారాంతాల్లో సరి తేదీ సైకిళ్లది, బేసి తేదీ నడిచేవాళ్లదీ గుర్రాలదీ. ఇంగ్లండ్, వేల్స్ మాత్రం ఈ లెక్కల జోలికి పోలేదు. 1968 నాటి గ్రామీణ ప్రాంతాల చట్టం గుర్రపు బాటలన్నిటి మీదికీ సైకిళ్లను ఒక్క వాక్యంతో రానిచ్చింది, నడిచేవారికీ రౌతులకూ దారి ఇవ్వాలన్న షరతుతో. సైకిళ్లకు అనువుగా బాటను బాగుచేయాల్సిన బాధ్యత మాత్రం ప్రభుత్వానికి లేదని అదే సెక్షన్లో చేర్చింది. వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 160 కిలోమీటర్ల సౌత్ డౌన్స్ వే మీద ముగ్గురూ ఈనాటికీ కలిసే వెళ్తున్నారు.

బాగుచేసేది ఎవరన్న ప్రశ్నే అమెరికాలో ఈ రెండు వర్గాల్నీ దగ్గరికి తెచ్చింది. అటవీ శాఖ కింద రెండున్నర లక్షల కిలోమీటర్ల బాటలున్నాయి. వాటిలో శాఖ పెట్టుకున్న ప్రమాణాలకు తూగేవి నాలుగో వంతేనని, పేరుకుపోయిన మరమ్మతుల విలువ 31.4 కోట్ల డాలర్లని 2013లో ప్రభుత్వ ఆడిట్ సంస్థ బయటపెట్టింది. 2016లో వచ్చిన ప్రత్యేక చట్టం స్వచ్ఛంద సేవకుల పనిని రెట్టింపు చేయాలని లక్ష్యం పెట్టింది. ఆ సేవకులు ప్రధానంగా ఎవరంటే నడకసంఘాలు, సైకిలు క్లబ్బులు, 1973లో మోంటానాలో మొదలైన ‘బ్యాక్ కంట్రీ హార్స్‌మెన్’ రౌతులు. మోటారు రంపాలు నిషేధమైన వైల్డర్‌నెస్ అడవుల్లో ఇద్దరు చెరోవైపు పట్టి లాగే కోత రంపాలనూ తిండినీ గుడారాలనూ లోపలికి మోసేది ఈ రౌతుల కంచరగాడిదలే.

పనిముట్లు నూరేళ్ల నాటివి. ఒకవైపు గొడ్డలి, మరోవైపు బాడిస ఉండే పులాస్కీ. దాన్ని రూపొందించిన ఎడ్ పులాస్కీ, 1910లో ఐడహో అడవులు తగలబడినప్పుడు తన మనుషుల్ని గని సొరంగంలోకి తోలి కాపాడిన రేంజరు. ఇంకోటి మెక్లాడ్, ఒకవైపు దంతె, మరోవైపు వెడల్పాటి పార. 1905లో మాల్కం మెక్లాడ్ అనే రేంజరు చేయించినది. కలిసి పనిచేస్తేనే ఒకరి అవసరం మరొకరికి తెలుస్తుంది. సైకిలువాళ్లు తమ తల తగలనంత ఎత్తు దాకా కొమ్మలు కొట్టి ఊరుకుంటే, జీను మీదున్న మనిషికి ముఖం గీరుకుపోతుంది. గుర్రాల బాట మీద కొమ్మలు కనీసం మూడు మీటర్ల ఎత్తు దాకా తీయాలి. చెక్క వంతెన సైకిలుకు చాలు, బోలుగా మోగే చెక్క మీద డెక్క వేయడానికి గుర్రం వెనకాడుతుంది, పైగా వంతెన అంత బరువు మోయాలి. రౌతుల వైపు నుంచి కూడా ఒక మర్యాద ఉంది. వాన వెలిసిన మర్నాడు గుర్రాన్ని బయటికి తీయకపోవడం. ఎండిన డెక్క గుంటల మీద సైకిలు తొక్కడమంటే ఎముకలు కదలడమే.

మారిన్ కథ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. 2024 సెప్టెంబరులో నీటి సంస్థ బోర్డు, దశాబ్దాల నిషేధం తర్వాత కొన్ని సన్నని బాటల్లో ప్రయోగాత్మకంగా సైకిళ్లను అనుమతించడానికి ఒప్పుకుంది. ఈసారి కోర్టుకెక్కినవాళ్లు మొక్కల, పక్షుల, పర్యావరణ పరిరక్షణ సంఘాలవాళ్లు. నిర్ణయానికి ముందు పర్యావరణం మీద దాని ప్రభావాన్ని పూర్తిగా అంచనా వేయలేదన్నది వాళ్ల అభ్యంతరం.